ఎనిమిది బ్యాటరీల పడవ

గంగాధరప్పను పొగడటం సోమందేపల్లి చుట్టుపక్కల చాలా చవకగా దొరికే పుణ్యం. "బడి మెట్టు తొక్కలేదబ్బా, అయినా ఇంజనీర్లు ఈయప్ప ముందర దండగ" అని టీ బంకు దగ్గర లారీ డ్రైవర్లు అనేవారు. ఆ మాట అన్నవాళ్ళే తమ పిల్లల్ని తెల్లారకముందే లేపి హిందూపురం ఇంగ్లీషు బడి బస్సు ఎక్కించేవారు. ఒక పత్రిక ఆయన ఫొటో వేసి 'చదువుకోని శాస్త్రవేత్త' అని రాసింది. పని తెలిసిన మనిషిని పాడు చేయడానికి ఇంతకంటే సులువైన దారి లేదు. తనకు తెలియనిది కూడా తెలుసునని ఆ మనిషి నమ్మడం మొదలుపెడతాడు.

పనితనం లేదని కాదు. నల్లమాడ దగ్గర పల్లెలో వేరుశనగ వరుసగా ఎండిపోయిన కాలంలో పొలం వదిలి, పెనుకొండలో ఒక మెకానిక్ దగ్గర వైర్లు పట్టుకోవడం నేర్చుకున్నాడు. తర్వాత సోమందేపల్లిలో హైవే పక్కన రేకుల షెడ్డు వేసుకున్నాడు. ఆయనకు పేరు తెచ్చినవి జాతర లారీలు. ఊరేగింపులో నడిచే లారీ మీద మైకుసెట్టు, రంగు లైట్ల తోరణాలు, దేవుడి వెనక తిరిగే చక్రం, అన్నిటికీ కరెంటు కావాలి. గంగాధరప్ప లారీ తొట్టిలో వరసగా బ్యాటరీలు పేర్చి తెల్లవార్లూ పాట ఆగకుండా చూసేవాడు. పక్క ఊరి లారీకి నాలుగుంటే తన లారీకి ఆరు పెట్టేవాడు. వాళ్ళు ఆరు పెడితే తను ఎనిమిది.

ఇందులో ఒక కిటుకు ఉంది. ఆ బ్యాటరీలన్నీ ముందురోజు ఇంట్లో ఛార్జరు మీద కడుపు నిండా కరెంటు తాగి వచ్చేవి. లారీ ఇంజను పక్కన బెల్టుతో తిరుగుతూ కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్, మెకానిక్కులు ఇప్పటికీ డైనమో అనే అంటారు దాన్ని, ఆ రాత్రి చేసే పని దాదాపు ఏమీ ఉండదు. అది చద్దిమూట కట్టుకుని వెళ్ళిన ప్రయాణం. గంగాధరప్ప మాత్రం ముప్పై ఏళ్ళ జాతరల్లో నేర్చుకున్నది ఒకటే: ఎన్ని బ్యాటరీలుంటే అంత ధైర్యం. ఈ నేల మీద పుట్టినవాడికి ఆ నమ్మకం సహజమే. ఎప్పుడు వస్తాయో తెలియని నీళ్ళ కోసం ఇక్కడ ప్రతి ఇంట్లోనూ ముందు సంపు తవ్వుతారు. తవ్వేటప్పుడు పక్కింటి సంపు కంటే మూరెడు లోతు ఎక్కువ తవ్వుతారు. పైపులో వచ్చేది ఎంతో మాత్రం ఎవరూ అడగరు.

యాభై నాలుగేళ్ళు వచ్చేసరికి గంగాధరప్పకు ఒకే ఒక్క కోరిక మిగిలింది: ఎవరూ లేపని చోట ఒక దుకాణం. హైవే వెడల్పు చేసినప్పుడు షెడ్డు తీయించారు. వెనక్కి జరిపి వేసుకుంటే సర్వీసు రోడ్డు అన్నారు. దాని వెనకకు జరిపితే కాలువ అన్నారు. ప్రతిసారీ రేకులు విప్పి, బల్ల మోసుకుని, గిరాకీలకు కొత్త చోటు చెప్పుకోవాలి. మూడోసారి రేకులు విప్పుతూ నడుం పట్టేసి రోడ్డు పక్కనే కూర్చుండిపోయాడు. భార్య కుళ్ళాయమ్మ అంటూనే ఉండేది, "నత్త గూడ ఇల్లు ఎత్తుకొని తిరుగుతాది గానీ, దాన్ని లెయ్యమనేటోళ్ళు ఎవురూ ఉండరు" అని.

కూతురు నాగజ్యోతి హిందూపురంలో ఎలక్ట్రికల్ డిప్లొమా చదివి తండ్రి దుకాణంలోనే కూర్చుంది. వేరే గతి లేక కాదు, ఆ పని ఇష్టమై కూర్చుంది. బ్యాటరీ కొనలు తోమడం, డిస్టిల్ వాటర్ పోయడం, ఫోను ఎత్తడం ఆమె పనులు. స్పానరు పట్టుకుంటే గిరాకీ వచ్చినవాడు "పాపా, మీ నాయన్ను పిలువు" అనేవాడు. బడికి వెళ్ళని తండ్రిని ఆకాశానికెత్తే ఊరు, బడికి వెళ్ళిన కూతుర్ని నమ్మేది కాదు. ఈ రెంటికీ కారణం ఒకటేనని ఎవరికీ తోచలేదు.

ఆ మధ్య ధర్మవరం దగ్గర ఒక చెరువులోకి కాలువ నీళ్ళు వచ్చాయి. ఏళ్ళ తరబడి కంప చెట్లు తప్ప ఏమీ లేని చెరువు అది. నీళ్ళు నిండేసరికి ఆ కంపలు అక్కడే నిలబడి ఎండిపోయి, ముళ్ళు మాత్రం పైకి పెట్టుకుని ఉండిపోయాయి. ధర్మవరం కాంట్రాక్టరు రాజశేఖర్ ఆ చెరువులో పడవ నడపడానికి అనుమతి తెచ్చుకుని, కేరళ నుంచి ఒక పాత డీజిల్ పడవను లారీ మీద తెచ్చాడు. కట్ట మీద మూడు గదులు కట్టించాడు. ఒకటి టికెట్లకు, ఒకటి తినుబండారాలకు. మూడోది తాళం వేసి ఉంచాడు. పడవ నడపడానికి హిందూపురం దగ్గరి దేవప్పను పెట్టుకున్నాడు. బెంగళూరు పక్క ఏదో చెరువులో నాలుగేళ్ళు పడవ తోలిన అనుభవం అతనిది.

వైరింగుకు గంగాధరప్పను పిలిపించారు. తండ్రీకూతుళ్ళు ఇద్దరూ వెళ్ళారు.

"గంగాధరన్నా, చెరువు నడిమధ్యకు పోయి ఇంజను ఆపేయల్ల," అన్నాడు రాజశేఖర్. "ఆ డుబడుబ సప్పుడు ఉండగూడదు. సల్లగాలి, లైట్లు, పాటలు, ఐస్‌క్రీం ఫ్రిజ్జు. పుట్టినరోజులు, సీమంతాలు అన్నీ ఈడనే జరగల్ల. అయితాదా?"

"ఇంజను సప్పుడు ఆపి పాటల సప్పుడు పెట్టేదానికి ఇంత కష్టమా అన్నా?" అన్నాడు దేవప్ప.

"నువ్వు సుమ్మనుండప్పా. దుడ్లు ఇచ్చేటోళ్ళకు ఏది ఇష్టమో అది పెట్టల్ల."

"అయితాది," అన్నాడు గంగాధరప్ప. "తెల్లార్లూ జాతర లాగిన చేతులివి. దీంట్లో ఏముంది?"

రాజశేఖర్ తాళం వేసిన గది వైపు చెయ్యి చూపించాడు. "నాలుగు పార్టీలు బాగా జరిగినాయంటే ఆ గది నీది. పడవ పని జూసుకో, బయటి పని గూడ చేసుకో. బోర్డు రాయించుకో. లెయ్యమనే నాథుడు ఉండడు."

గంగాధరప్ప ఆ తలుపు దగ్గరికి వెళ్ళి గడియ పట్టుకుని చూశాడు. ఆ క్షణం నుంచి ఆయనకు పడవ కనిపించడం మానేసింది, గది ఒక్కటే కనిపించింది.

జాతరలో లాగే ఆరు బ్యాటరీలు తెప్పించి పడవ అడుగున పేర్చాడు. నాగజ్యోతి మొదటిసారి పడవ నడిచినప్పుడు తీగ చుట్టూ మీటరు తగిలించి చూసింది. ఒడ్డుకు వచ్చాక చెప్పింది.

"నాయనా, ఈ డైనమో మీద నలభై అయిదు ఆంపియర్లని రాసి ఉండాది. అది ఇంజను గట్టిగా తిరిగినప్పటి మాట. మన పడవ పోయే స్పీడుకు ఇరవై గూడ వస్తాలేదు. దేవప్ప మామ ఎద్దులబండి తోలినట్ల తోల్తాండాడు."

"బేగ తోల్తే ఆ కంపల్లో దూరతాము మ్మా," అన్నాడు దేవప్ప. "నాకు ఈత వస్తాది గానీ ముండ్లల్లో ఈత రాదు."

"తప్పు నీది కాదు మామా. నాయనా, ఒక్కో బ్యాటరీ సైజు నూటయాభై, ఆరు కలిస్తే తొమ్మిదొందలు. ఆసిడ్ బ్యాటరీ సరిగ్గా నిండల్లంటే దాని సైజులో పదో వంతన్నా లోపలికి పోతాండల్ల. తొంబై కావల్ల, మనకొచ్చేది ఇరవై. దాంట్లోనే ఫ్రిజ్జు తినల్ల, లైట్లు తినల్ల. ఇంగ బ్యాటరీకి మిగిలేదేముంది?"

"బాన పెద్దదైతే నష్టమేముంది పాపా? రోజూ రవ్వంత పోస్తాంటే ఎప్పుడో ఒకప్పుడు నిండదా?"

"నిండదు. సగం కడుపుతో పెట్టి పెట్టి ఉంచితే లోపల పలకలు గట్టిబడిపోతాయి. మళ్ళ ఎంత పోసినా పట్టవు. రెండు బ్యాటరీలు చాలు. డైనమో పెద్దది పెడదాం."

"రెండా?" గంగాధరప్ప నవ్వాడు. "కిల్లీ బంకులో గూడ రెండుంటాయి. రెండు పెట్టి రాజశేఖర్ ముందర యా మొగం పెట్టుకొని నిలబడేది?"

అసలు సంగతి అది. రెండు బ్యాటరీలు పెట్టిన మనిషికి గది ఇస్తారా? ఆయన దృష్టిలో బ్యాటరీల వరస కరెంటు కోసం కాదు, చూసేవాళ్ళ కోసం. జాతరలో కూడా అంతే కదా.

నాగజ్యోతి ఊరుకోలేదు. హిందూపురంలో పాత బండ్లు విప్పి అమ్మే గుజిరీ అంగళ్ళు తిరిగి, నూట ఇరవై ఆంపియర్ల డైనమో ఒకటి పట్టుకుంది. పడవ ఇంజనుకు సరిపోయే బెల్టు చక్రం కూడా చూసి పెట్టుకుంది. చక్రం కొంచెం చిన్నది వేస్తే, ఇంజను నెమ్మదిగా తిరిగినా డైనమో వేగంగా తిరుగుతుంది. అన్నీ సరిపోయాయి. ఒక్కటే చిక్కు. అది విరిగిపోయిన అంబులెన్సులోది. రోగి దగ్గర సామాను ఎక్కువ కాబట్టి ఆ బండ్లకు పెద్దది పెడతారని ఆమె ఇంట్లో ఉత్సాహంగా చెప్పింది.

కుళ్ళాయమ్మ చేతిలో పళ్ళెం కింద పెట్టేసింది. "సావుబతుకుల బండిది తెచ్చి సంతోషం చేసుకునే పడవకు పెడతావా మ్మే? దాంట్లో ఎంతమంది కండ్లు మూసినారో ఏమో."

"మూసినోళ్ళున్నట్లే, దాంట్లో పోయి బతికినోళ్ళు గూడ ఉంటారు గదా మ్మా."

రాజశేఖర్ చెవిలో పడితే ఆయనా అదే మాట అన్నాడు. "పసిబిడ్డలు ఎక్కే పడవమ్మా అది. ఎవురికన్నా తెలిస్తే ఒక్కరు రారు." ఆయన సొంత ఇల్లు కూల్చిన ఆసుపత్రి తలుపులు కిటికీలతో కట్టించుకున్నదే. అది వేరే సంగతి. చవకగా దొరికిన చోట శకునాలు అడ్డు రావు.

గంగాధరప్పకు శకునాల పట్టింపు ఎప్పుడూ లేదు. ఆక్సిడెంటు అయిన లారీల సామాను ఎన్ని బండ్లకు ఎక్కించాడో లెక్క లేదు. కానీ ఈ అపశకునం సమయానికి దొరికింది. లెక్క ఒప్పుకునే అవసరం లేకుండా చేసింది. "అందురూ వద్దంటాండారు, నేనేం జేసేది పాపా" అని చేతులు దులుపుకున్నాడు.

మొదటి రెండు పార్టీలు జరిగాయి. బ్యాటరీలు దుకాణం నుంచి నిండుగా వెళ్ళాయి కాబట్టి జరిగాయి. మూడోదానికి లైట్లు పల్చబడ్డాయి. కట్టకు కరెంటు లైను ఇంకా రాలేదు, స్తంభాలు వచ్చి పడుకుని ఉన్నాయి. బ్యాటరీలన్నీ ఎత్తి సోమందేపల్లికి తెచ్చి ఛార్జరుకు పెట్టమంది నాగజ్యోతి. ఒకసారి తెచ్చారు. ఒక్కొక్కటి యాభై కిలోలు. గంగాధరప్ప నడుం మళ్ళీ పట్టేసింది. ఆ తర్వాత ఆయన తనకు తెలిసిన మందు వేశాడు: ఇంకో రెండు బ్యాటరీలు కలిపాడు. ఎనిమిది అయ్యాయి. వచ్చే ఇరవై ఆంపియర్లను పంచుకోవడానికి ఇద్దరు కొత్త చుట్టాలు దిగారన్నమాట.

నాలుగో పార్టీ పెద్దది. ధర్మవరంలో పట్టుచీరల దుకాణం ఉన్న లక్ష్మీనారాయణ మనవడి మొదటి పుట్టినరోజు. ఇది గట్టెక్కితే గది. గంగాధరప్ప తెల్ల చొక్కా తొడుక్కుని వచ్చాడు. నాగజ్యోతి సాయంత్రం ముందే పడవలోకి దిగి మీటరు పెట్టి చూసి వచ్చింది.

"నాయనా, పన్నెండు ఓల్టులు గూడ చూపిస్తాలేదు. ఈ పొద్దు ఇంజను ఆపొద్దను. ఆపినా, ఒక్క బ్యాటరీనన్నా విడిగా పెట్టు, మళ్ళ స్టార్టు చేసేదానికి. అన్నీ ఒకటే తీగకు కట్టినావు. పాటలు అన్నిట్నీ కలిపి తాగేస్తాయి."

"ఎనిమిదిట్లో ఒకదాన్ని ఊరికే కూర్చోబెట్టి మేపేదా? బాగుందే. లారీకి ఎప్పుడన్నా పెట్టినామా అట్ల?"

"లారీ ఆగితే పదిమంది దిగి తోస్తారు నాయనా."

ఆయన వినలేదు. పట్టుచీరలు, పంచెలు, బెలూన్లు, కేకు అన్నీ పడవ ఎక్కాయి. ముప్పై మందిదాకా ఉంటారు. నాగజ్యోతి కూడా ఎక్కబోతే "నువ్వు కట్ట మీదనే ఉండు, ఆడ నీకేం పని" అన్నాడు తండ్రి.

చెరువు మధ్యలో దేవప్ప ఇంజను ఆపాడు. నిజంగానే బాగుంది. పొద్దు అప్పుడే వాలింది, నీళ్ళ మీద లైట్లు రంగులు పోశాయి. "లక్షలు పోసినా ఇట్ల రాదప్పా" అని లక్ష్మీనారాయణ రాజశేఖర్ భుజం తట్టాడు. కేకు కోశారు. మూడో పాట మధ్యలో పాడే ఆమె గొంతు మగగొంతులా మారింది. తర్వాత సాగింది. తర్వాత ఆగింది. లైట్లు ఎర్రబడి చింత నిప్పుల్లా అయి చల్లారిపోయాయి.

"స్టార్టు చెయ్," అన్నాడు గంగాధరప్ప.

దేవప్ప తాళం తిప్పాడు. 'టక్' మంది. మళ్ళీ తిప్పాడు. 'టక్'. ఇంజను కదల్లేదు.

"ఏమైందప్పా?" అన్నాడు రాజశేఖర్.

"ఏముందన్నా, అన్నం అంతా చుట్టాలకే పెట్టేసినారు. వండేటోడికి మిగల్లేదు," అన్నాడు దేవప్ప.

వెనక నుంచి ఎవరో అలవాటుగా "దిగి తోయండప్పా!" అన్నారు. కొందరు నవ్వారు. నవ్వు సగంలోనే ఆగిపోయింది. చుట్టూ నీళ్ళే.

గాలి పడవను నెమ్మదిగా పక్కకు నెట్టింది. దేవప్ప గెడ వేశాడు, అడుగు అందలేదు. పడవ పక్కవాటుగా వెళ్ళి ఎండిన కంపల్లో చిక్కుకుంది. ముళ్ళు పైకప్పు గుడ్డ చీల్చాయి. ఆడవాళ్ళ పట్టు అంచులు పట్టుకుని లాగాయి. పిల్లవాడి నాయనమ్మ చెంప గీరుకుపోయింది. ఫోన్ల లైట్లు వెలిగాయి, కేకలు మొదలయ్యాయి. బిడ్డ గుక్కపట్టి ఏడ్చాడు.

కట్ట మీద నాగజ్యోతికి లైట్లు ఆరడం కనిపించింది. ఆమె ఎవరినీ పిలుస్తూ కూర్చోలేదు. తాము వచ్చిన వ్యాను బ్యాటరీ విప్పి, చేపలు పట్టే కుళ్ళాయప్పను పుట్టి దింపమని బతిమాలి, గుండ్రటి ఆ పుట్టిలో బ్యాటరీ ఒళ్ళో పెట్టుకుని వెళ్ళింది. కంపల మధ్య నుంచి పడవ ఎక్కి ఇంజను గుంతలోకి దిగింది. ముందు ఆ ఎనిమిదింటి తీగ విప్పేసింది. విప్పకుండా కొత్త బ్యాటరీ తగిలిస్తే దాన్ని కూడా అవి మింగేస్తాయి. తర్వాత తన బ్యాటరీ ఇంజనుకు కట్టింది.

"ఇప్పుడు తిప్పు మామా."

ఇంజను డుబడుబమంది. ఆ మోటు చప్పుడుకు పడవలో ఒకరిద్దరు చేతులెత్తి దండం పెట్టారు. ఇంజనుకు, ఆమెకు కాదు.

కట్ట మీద దిగగానే లక్ష్మీనారాయణ చిరిగిన కండువాతో నిలబడ్డాడు. "యావడు చేసింది ఈ పని? బిడ్డ నీళ్ళల్లో పడింటే?"

రాజశేఖర్ గంగాధరప్ప వైపు చూశాడు. గంగాధరప్ప చూపు ఒక్కసారి మూడో గది మీదికి వెళ్ళి వచ్చింది. తాళం అట్లాగే వేలాడుతోంది.

"పాప చేసింది," అన్నాడు.

నాగజ్యోతి అప్పుడే బ్యాటరీ విప్పి మోసుకుని పడవ దిగి వస్తోంది. ఆసిడు చున్నీ అంచును తినేసింది.

"డిప్లొమా చదివింది గదా," అన్నాడు గంగాధరప్ప, ఈసారి గొంతు కొంచెం పెంచి. "లెక్కలన్నీ తనే ఏసి పెట్టింది. చిన్నపిల్ల, ముచ్చట పడిందని వదిలేస్తి. నేను వద్దంటానే ఉంటి."

ఆ మాట నమ్మడానికి ఎవరికీ ఒక్క క్షణం పట్టలేదు. ఇందాక తీగల్లో చేతులు పెట్టింది ఆ పిల్లేనని అందరూ కళ్ళారా చూశారు.

"అట్ల చెప్పు మల్ల! నీ చేతిలో ఇట్లయ్యేదానికి లేదే అనుకుంటాండా," అన్నాడు లక్ష్మీనారాయణ, కోపం సగం దిగిపోయి. "పుస్తకం సదువు వేరు, చేతి సదువు వేరు. ఆడపిల్లలకు ఇట్లాంటివి అప్పగిస్తారా యాడన్నా?"

"నాయనా," అంది నాగజ్యోతి. అంతే అంది.

ఆయన ఆమె వైపు తిరగలేదు. దేవప్ప నోరు తెరిచాడు. "అది కాదు లక్ష్మీనారాయణన్నా, ఆ పాప ముందే..." అన్నంతలో రాజశేఖర్ "నువ్వు పోయి పడవ కట్టేయ్ పో" అన్నాడు. జీతం ఇచ్చేవాడి గొంతు అది. దేవప్ప వెళ్ళి పడవ కట్టేశాడు.

ఆ రోజు ఇంటికి వచ్చాక కుళ్ళాయమ్మ భర్తకు అన్నం పెట్టలేదు. "మనిషివేనా నువ్వు?" అంది.

"ఇంట్లో మాట ఇంట్లో సర్దుకుంటాది లేయే. దానికేం, రేపు పెండ్లి చేసుకొని పోతాది. నా పేరు పోతే నాకు మళ్ళ వస్తాదా? గది వస్తాదా?"

"పిల్లను ఇచ్చి గది తెచ్చుకున్యావు. పో, ఆడనే పండుకో పో."

గది వచ్చింది. ఆ అమ్మాయి పడవ దగ్గరికి రాకూడదన్న షరతు మీద వచ్చింది. వారం తిరక్కుండా గంగాధరప్ప ఒక్కడే హిందూపురం వెళ్ళి ఆ అంబులెన్సు డైనమో తెచ్చుకున్నాడు. ఎవరూ గుర్తుపట్టకుండా నీలం రంగు పూశాడు. చిన్న చక్రం వేశాడు. ఎనిమిది బ్యాటరీల్లో ఆరు పైకి తీశాడు. కొత్తగా కలిపిన రెండే ఇంకా పనికొచ్చేలా ఉన్నాయి. వాటిని పార్టీలకు ఉంచి, ఇంజనుకు ఒక చిన్నదాన్ని విడిగా పెట్టాడు. అన్నీ కూతురు చెప్పినవే. పడవ అద్భుతంగా నడిచింది. ఇంజను ఆపినా లైట్లు ఆరలేదు, తిరిగి వచ్చేసరికి బ్యాటరీలు నిండేవి. "సూసినారా, కూతురు జేసిన తప్పును తండ్రి సరిజేసినాడు" అని కట్ట మీద చెప్పుకున్నారు. అదే పత్రిక ఆయన ఫొటో ఇంకోసారి వేసింది.

నాగజ్యోతి హిందూపురంలో సోలార్ బ్యాటరీలు అమ్మే కొట్లో చేరి, అక్కడే స్నేహితురాలితో గది తీసుకుంది. అక్కడ ఆమె వెలిగిపోతోందని చెప్పి కథకు తీపి కలపడం అనవసరం. అక్కడ కూడా గిరాకీలు "సార్ లేరా మ్మా?" అనే అడుగుతారు. జీతం తక్కువ. తల్లికి ఫోను చేస్తుంది, తండ్రికి చేయదు. అంతకుమించి ఏమీ లేదు.

నిరుడు వేసవిలో రాజశేఖర్ రెండో పడవ తెచ్చాడు. దాంతోపాటు బెంగళూరు నుంచి లిథియం బ్యాటరీలు తెచ్చాడు. తేలిక, చిన్నవి, పెట్టెలు అందంగా ఉన్నాయి. గంగాధరప్ప వాటిని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆసిడు లేదు, నీళ్ళు పోసే మూతలు లేవు. ఆయనకు తెలిసిన గుర్తు ఒక్కటి కూడా వాటి మీద లేదు. రాజశేఖర్ బయట ఫోనులో ఉన్నప్పుడు గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసి కూతురికి ఫోను చేశాడు. ఆ సాయంత్రం తర్వాత అదే మొదటిసారి.

"పాపా, బాగుండావా? లిథియమంట. కొత్త పడవకు. దీనికి డైనమో ఎట్లాంటిది పెట్టల్ల?"

అలవాటు ఆమెను మాట్లాడించింది. "కొత్త పడవకు ఇప్పుడుండేది ఎంతది?"

"అరవై."

"ఊరికే తగిలించేది కాదు. ఆసిడ్ బ్యాటరీ నిండేకొద్దీ తినేది తగ్గిస్తాది. లిథియం తగ్గించదు, ఇచ్చినంతా మింగుతానే ఉంటాది. ఇంజను నిదానంగా తిరిగితే డైనమోకు గాలి తగలదు, వేడెక్కి..." అక్కడ ఆగిపోయింది.

"ఆ, వేడెక్కి? దానికి ఏం పెట్టల్ల అడ్డం?"

"నాకేం తెలుసు నాయనా. నేను లెక్క తప్పేసిన దాన్ని గదా. కట్ట మీద అందురూ విన్యారు."

"అది యానాటి మాటో లేమ్మా. ఇప్పుడెందుకు?"

"లక్ష్మీనారాయణను పిలువు. రాజశేఖర్‌ను పిలువు. దేవప్ప మామను గూడ. వాళ్ళ ముందర నిలబడి, ఆ పొద్దు చేసింది నేను, పాప కాదు అని చెప్పు. చెప్పి ఫోను చెయ్. ఏం పెట్టల్లనో, యాడ పెట్టల్లనో అన్నీ చెప్తా. కావల్లంటే వచ్చి నా చేత్తో పెట్టి పోతా."

గంగాధరప్ప గది చుట్టూ చూశాడు. స్పానర్లు గోడకు వరసగా మేకులకు వేలాడుతున్నాయి. ముప్పై ఏళ్ళలో ఆయన మొదటిసారి గోడకు మేకులు కొట్టుకున్నాడు.

"సరే, ఆడ జాగర్తగా ఉండు," అని ఫోను పెట్టేశాడు.

రాజశేఖర్ తలుపు తోసుకుని వచ్చాడు. "ఏమన్నా, ఎట్ల జేద్దాం? ఇది కొంచెం వేరే రకం అంటాండ్రే బెంగుళూరోళ్ళు?"

"వేరే ఏముందప్పా. బ్యాటరీ ఏదైనా బ్యాటరీనే," అన్నాడు గంగాధరప్ప. "ఆదివారానికి పార్టీ పెట్టుకో."

రాజశేఖర్ నిశ్చింతగా టీ చెప్పడానికి బయటికి వెళ్ళాడు. గంగాధరప్ప కొత్త పడవలోకి దిగి, లిథియం బ్యాటరీ తీగను మధ్యలో ఏ అడ్డమూ పెట్టకుండా తిన్నగా తీసుకెళ్ళి అరవై ఆంపియర్ల డైనమోకు తగిలించి, నట్టు బిగించాడు.